రేసులా, యాప్‌లా, క్యాసినోనా, లాటరీనా: డబ్బు పెట్టి ఆడేముందు ఈ లెక్క చూడండి

"అన్నా, ఏ యాప్‌లో ఆడితే డబ్బులు కరెక్టుగా విత్‌డ్రా అవుతాయి" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ఇంజనీరింగ్ పిల్లల దగ్గర్నుంచి క్యాబ్ నడిపేవాళ్ల దాకా. జవాబు మొదట్లోనే చెప్పేస్తా, ఏ యాప్‌లోనూ వద్దు. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తా. అసలు డబ్బు పెట్టి ఆడకపోవడాన్ని మించిన ఆప్షన్ ఏదీ లేదు, అది నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు కదా, ఆదివారం మలక్‌పేట గుర్రపు రేసులకి వెళ్లేవాళ్లు, గోవా ట్రిప్‌లో క్యాసినో ఎక్కేవాళ్లు, శబరిమల నుంచి వస్తూ దారిలో కేరళ లాటరీ టికెట్ కొనే స్వాములు, సంక్రాంతికి భీమవరం వైపు బయల్దేరేవాళ్లు. వీళ్లందర్నీ ఒకే గాటన కట్టి జూదం చెడ్డది అనేస్తే ఎవరూ వినరు, పైగా వీటి మధ్య తేడా చాలా పెద్దది, కొన్నిట్లో ఒక సాయంత్రానికి పోయేది నాలుగైదు వందలు, కొన్నిట్లో ఒక రాత్రికి పోయేది ఆర్నెల్ల జీతం.

పోల్చేటప్పుడు చాలామంది "దేంట్లో ఎక్కువ గెలవొచ్చు" అని చూస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. నేనైతే నాలుగే చూడమంటా. ఒకటి, అది చట్టప్రకారం నడిచేదేనా, ఎందుకంటే కానిదాంట్లో మోసం జరిగితే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి చెప్పుకునే మొహం కూడా ఉండదు. రెండు, ఫలితం రాకముందే మన డబ్బులోంచి ఎంత కటింగ్ పోతుంది, టాక్స్ ఎంత, కమీషన్ ఎంత. మూడు, గంటకి ఎన్నిసార్లు డబ్బు పెట్టొచ్చు, అంటే స్పీడు. నాలుగు, జేబులో డబ్బు అయిపోయాక అక్కడే అప్పు దొరుకుతుందా. ఇందులో మొదటి రెండూ ఎవరైనా మాట్లాడతారు, అసలు ప్రాణం మీదకి తెచ్చేవి మూడూ నాలుగూ.

స్పీడు సంగతి లెక్కలో చూడండి

మలక్‌పేటలో ఒక రోజులో సుమారు ఎనిమిది రేసులు అనుకుందాం, రేసుకీ రేసుకీ మధ్య దాదాపు అరగంట. ప్రతి రేసుకీ జేబులోంచి 100 రూపాయలు తీశారు, మొత్తం 800. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం అయింది, అది గెలిచినదాని మీద కాదు, పెట్టిన పందెం మీదే. టాక్స్ కలుపుకునే 800 అనుకుంటే 229 దాకా టాక్స్‌కే పోయింది, పందెంలోకి వెళ్లింది 571. అందులో క్లబ్ కమీషన్ 20 శాతం అనుకుంటే ఇంకో 114. అంటే సగటున ఒక మధ్యాహ్నానికి పోయేది 340 చిల్లర. పర్సెంటేజీలో చూస్తే ఇది ఘోరం, వందకి 43 రూపాయలు ముందే పోయినట్టు.

ఇప్పుడు క్యాసినోలో రూలెట్. సింగిల్ జీరో చక్రం మీద 37 గళ్లు ఉంటాయి, నంబర్ తగిలితే ఒకటికి 35 ఇస్తారు, కాబట్టి క్యాసినో వాడి వాటా 2.7 శాతం, డబుల్ జీరో ఉంటే 5.26 శాతం. రేసులతో పోలిస్తే ఎంత తక్కువో కదా అనిపిస్తుంది. కానీ గంటకి 40 సార్లు తిరిగింది, ప్రతిసారీ 100 పెట్టారు, నాలుగు గంటలు కూర్చున్నారు అనుకోండి, మొత్తం తిప్పింది 16,000, అందులో 2.7 శాతం అంటే 432. చిప్స్ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ దీనికి అదనం.

ఇక ఫోన్‌లో విమానం పైకి ఎగిరి ఎక్కడో పేలిపోయే ఆట ఉంటుంది చూడండి, అది నిమిషానికి మూడు రౌండ్లు అనుకుందాం. యాప్ వాడు తనే 97 శాతం వెనక్కి ఇస్తా అని చెప్పుకుంటాడు, సరే ఆ మాటా నిజమే అనుకుందాం. నాలుగు గంటల్లో 720 రౌండ్లు, రౌండ్‌కి 100 చొప్పున 72,000, అందులో 3 శాతం 2,160 రూపాయలు. కటింగ్ మూడు శాతమే ఉన్న ఆట అందరికంటే ఎక్కువ తినేసింది, అదీ వాడు నూటికి నూరు శాతం నిజాయితీగా ఆడించాడు అనుకుంటేనే. రంగు చెప్పే ఆటలు కూడా ఇంతే, ఎరుపా ఆకుపచ్చా అని నిమిషానికో రౌండ్, అరనిమిషానికో రౌండ్. పక్కన ఎవరూ ఉండరు, టీ తాగడానికి లేచే పని లేదు, రాత్రి రెండింటికి దుప్పటి కప్పుకుని కూడా ఆడొచ్చు. అందుకే స్పీడుని అన్నిటికంటే ముందు చూడమనేది.

మలక్‌పేట రేసులు

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు రేసులు జరిగేది హైదరాబాద్ రేస్ క్లబ్‌లోనే. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మౌలాలి నుంచి మలక్‌పేటకి మారింది. వానాకాలం సీజన్ సుమారుగా జులై నుంచి అక్టోబర్ దాకా, చలికాలం సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, డెక్కన్ డెర్బీ ఇక్కడి పెద్ద రేసు. గుర్రప్పందెం ముఖ్యంగా నైపుణ్యం ఆధారంగా నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1996లో తమిళనాడు కేసులో తీర్పు ఇచ్చింది. రేస్‌కోర్స్ లోపల లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర పెట్టే పందెం చట్టబద్ధం. ఇదే పందెం బయట పాన్ డబ్బా దగ్గర ఫోన్‌లో బుకీకి చెప్తే నేరం.

లోపల మళ్లీ రెండు దారులు ఉంటాయి, టోట్ ఒకటి, బుకీ ఒకటి. కొత్తగా వెళ్లినవాళ్లు ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

టోట్ అంటే అందరి డబ్బూ ఒక గల్లాలో పడుతుంది, క్లబ్ తన కమీషన్ తీసుకుని మిగతాది గెలిచినవాళ్లకి పంచుతుంది. ఉదాహరణకి ఒక రేసులో విన్ పూల్, అంటే ఏ గుర్రం మొదట వస్తుందో అని అందరూ పెట్టిన డబ్బు, లక్ష రూపాయలు, కమీషన్ 20 వేలు పోగా 80 వేలు. మీరు పెట్టిన గుర్రం మీద అందరూ కలిపి పెట్టింది 4,000 మాత్రమే అయితే పది రూపాయలకి 200 వస్తుంది. అదే అందరూ ఎగబడి 50,000 పెట్టిన ఫేవరెట్ గెలిస్తే పదికి 16 వస్తుంది, అంటే పది పెట్టి సంపాదించింది ఆరు, దానికి ముందే టాక్స్ కట్టేశారు కాబట్టి గెలిచినా చేతికి మిగిలేది ఏమంత ఉండదు. గేట్లు తెరిచేదాకా మనకి ఎంత వస్తుందో కచ్చితంగా తెలీదు, బోర్డు మీద అంకెలు మారుతూనే ఉంటాయి.

బుకీ దగ్గర రేటు ఫిక్స్, మీరు పందెం కట్టిన క్షణంలో ఉన్న రేటే మీది. ఇది బాగుంది కదా అనిపిస్తుంది కానీ బుకీ బోర్డు మీద అన్ని గుర్రాల రేట్లూ కలిపి చూడండి. ఐదు గుర్రాల రేసు అనుకుందాం. పదికి 15, పదికి 20, పదికి 30, పదికి 40, పదికి 90 అని రేట్లు ఉన్నాయి. ఇక్కడ పదికి 15 అంటే లాభమే 15, పెట్టిన పదీ కలిపితే చేతికొచ్చేది 25. మొదటిదానికి 10ని 25తో భాగిస్తే 40 శాతం, తర్వాతవి 33, 25, 20, 10. అన్నీ కూడితే 128. నిజానికి ఐదు గుర్రాల ఛాన్సులూ కలిపితే 100 మించకూడదు కదా, ఆ పైన ఉన్న 28 బుకీ లాభం. ఒక రేసుకి ఈ కూడిక చేసి చూసుకుంటే చాలు, ఆ రోజు బోర్డు ఎంత టైట్‌గా ఉందో మీకే తెలిసిపోతుంది, 115 వస్తే ఫర్వాలేదు, 140 వస్తే ఆ రేసు వదిలెయ్యండి.

కొత్తవాళ్లకి నేను టోట్‌నే చెప్తా. చిన్న టికెట్ తీసుకోవచ్చు, ఎవరితోనూ బేరం లేదు, ఎవడూ "రాసుకుంటాలే అన్నా, తర్వాత ఇద్దువు" అనడు. విన్ కంటే ప్లేస్ తీసుకుంటే గుర్రాల సంఖ్యని బట్టి రెండో మూడో స్థానం వచ్చినా డబ్బులొస్తాయి, తక్కువే వస్తాయి కానీ సాయంత్రం దాకా జేబు ఖాళీ అవ్వకుండా ఉంటుంది, రేసు చూసిన సరదా ఉంటుంది. జాక్‌పాట్, తనాలా లాంటివాటి జోలికి వెళ్లొద్దు. తనాలా అంటే మొదటి మూడు స్థానాలూ వరసలో చెప్పాలి, పది గుర్రాలుంటే 720 రకాల వరసలు, మీరు కొనేది అందులో ఒకటి.

రేస్ బుక్ కొని చదవండి, పందెం కంటే అదే నాకు ఇష్టం. గుర్రం గత నాలుగైదు రేసుల్లో ఎన్నో స్థానంలో వచ్చింది, ఇవాళ ఎన్ని కిలోల బరువు మోస్తోంది, దూరం 1200 మీటర్లా 1600 మీటర్లా, జాకీ ఎవరు, అన్నీ ఉంటాయి. హ్యాండిక్యాప్ రేసులో రేటింగ్ ఎక్కువున్న గుర్రానికి బరువు ఎక్కువ వేస్తారు, అందర్నీ దాదాపు సమానం చెయ్యడానికే అలా చేస్తారు కాబట్టి "ఇది పక్కా" అనే గుర్రం అక్కడ ఉండదు. ప్యాడాక్‌లో గుర్రాల్ని నడిపిస్తుంటే వెళ్లి చూడండి, పొట్ట కింద నురగలా చెమట పట్టి తల విసురుతూ ఆగలేకపోతున్న గుర్రం రేసుకి ముందే తన శక్తి తినేస్తోందన్నమాట. అది చూసి ఆ రేసు వదిలేసిన రోజు డబ్బు మిగుల్తుంది. రేసు వదిలెయ్యడం రానివాడు ఎంత చదివినా ఉపయోగం లేదు.

మలక్‌పేటలో కూడా ప్రమాదం ఉంది. సీజన్ లేనప్పుడు ముంబై, బెంగళూరు లాంటి ఊళ్ల రేసులు టీవీల్లో వేసి ఇక్కడ పందేలు తీసుకుంటారు. ఒకే రోజు రెండు ఊళ్ల రేసులు వస్తే అరగంట గ్యాప్ కాస్తా పావుగంటో పది నిమిషాలో అవుతుంది, గుర్రం కళ్లముందు ఉండదు, ప్యాడాక్ ఉండదు, స్క్రీను, కౌంటరు, అంతే, యాప్‌కి దీనికి పెద్ద తేడా లేదు. కాబట్టి వెళ్తే హైదరాబాద్‌లో రేసు జరిగే రోజే వెళ్లండి. ఇంకోటి ఆఖరి రేసు. అప్పటిదాకా పోగొట్టుకున్నవాళ్లంతా పోయిన చోటే వెతుక్కోవాలి అని ఉన్నదంతా తెచ్చి అక్కడ పెడతారు. ఏడో రేసు అవ్వగానే బయటికొచ్చెయ్యండి, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్ కూడా తక్కువుంటుంది.

గెలిస్తే టాక్స్ మాట కూడా తెలిసుండాలి. రేసుల్లో ఒకేసారి పదివేలు దాటి గెలిస్తే 30 శాతం టీడీఎస్ కట్ చేసి ఇస్తారు. 50 వేలు తగిలితే చేతికొచ్చేది 35 వేలు. అదే రోజు మిగతా రేసుల్లో 20 వేలు పోయాయి కదా, తీసేసి లెక్కెయ్యండి అంటే కుదరదు, పోయింది గెలిచినదాంట్లో తగ్గించుకోనివ్వరు, మీ మొత్తం ఆదాయం టాక్స్ పరిధిలోకి రాకపోయినా ఈ 30 శాతం తప్పదు. లాటరీకీ ఆటలకీ కూడా ఇదే రేటు.

యాప్‌లు

చట్టం సంగతి ముందు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు ఆటల్ని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 1968లో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యం ఆట అన్నది నిజమే, అదీ మన సత్యనారాయణ అనే ఆయన మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులోనే, కానీ ఆ తీర్పు పట్టుకుని ఈ రోజు యాప్‌లో ఆడతానంటే చెల్లదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అనే తేడానే తీసేసింది, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించడమే నేరం, మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలు చేసినవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. ఆ నెలలోనే పెద్ద ఫ్యాంటసీ కంపెనీలూ రమ్మీ కంపెనీలూ డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ కేంద్ర చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదు కానీ మన రాష్ట్రాల చట్టాల్లో ఆడేవాడి మీదా కేసు ఉంది.

అంటే ఇప్పటికీ మీ ఫోన్‌కి లింకులు పంపిస్తూ డబ్బు తీసుకుంటున్న యాప్ ఏదైనా సరే చట్టం బయట ఉన్నదే. వాళ్ల సర్వర్ ఎక్కడుందో తెలీదు, ఆఫీసు ఎక్కడుందో తెలీదు. ప్లే స్టోర్‌లో ఉండదు, ఏపీకే ఫైలు వాట్సాప్‌లో పంపుతారు. డబ్బు వెయ్యమని ఇచ్చే యూపీఐ ఐడీ రోజుకోటి మారుతుంది, ఒకరోజు ఏదో కిరాణా షాపు పేరు, ఇంకోరోజు ముక్కూమొహం తెలీని మనిషి పేరు. అవి అద్దెకి తీసుకున్న అకౌంట్లు. రేపు మీకు గెలిచిన డబ్బు పంపేదీ అలాంటి అకౌంట్ నుంచే, అందులో ఎక్కడో ఎవరినో మోసం చేసి కొట్టేసిన సొమ్ము ఉంటే సైబర్ క్రైమ్ పోలీసులు ఆ గొలుసులో ఉన్న అకౌంట్లన్నీ ఆపేస్తారు, మీ జీతం పడే అకౌంట్ కూడా. రెండు వేలు గెలిచామని సంబరపడ్డవాళ్ల ఈఎంఐలు బౌన్స్ అవ్వడం ఇలాగే జరుగుతుంది.

బోనస్ సంగతి చూడండి. "5,000 వేస్తే ఇంకో 5,000 ఫ్రీ" అంటాడు, కింద చిన్న అక్షరాల్లో బోనస్‌ని 20 సార్లు తిప్పాకే విత్‌డ్రా అని ఉంటుంది. 5,000 ఇంటూ 20 లక్ష రూపాయలు, అంటే లక్ష రూపాయల పందేలు ఆడేదాకా మీ డబ్బు మీది కాదు. పెద్ద మొత్తం గెలిస్తే ఇంకో నాటకం, "విత్‌డ్రా చెయ్యాలంటే ముందు 30 శాతం టాక్స్ మాకు కట్టండి" అంటారు. నిజమైన టీడీఎస్ ఇచ్చేదాంట్లోంచి పట్టుకుంటారు, ముందు కట్టమని ఏ చట్టమూ చెప్పదు, ఆ మాట వినగానే అక్కడితో ఆపెయ్యాలి.

టెలిగ్రామ్‌లో "షూర్ షాట్" ఛానెల్స్ ఎలా నమ్మిస్తాయో చాలామందికి తెలీదు. వాడి దగ్గర వెయ్యి మంది ఉంటే 500 మందికి ఒక టీమ్ గెలుస్తుందని, మిగతా 500 మందికి రెండో టీమ్ గెలుస్తుందని పంపుతాడు. ఓడినవాళ్లని వదిలేసి గెలిచిన 500లో మళ్లీ సగం సగం. మూడు మ్యాచ్‌లయ్యేసరికి 125 మందికి వాడు చెప్పింది వరసగా మూడుసార్లు నిజమైపోతుంది, వాళ్లు దేవుడనుకుని అడిగినంత ఇస్తారు. రేస్‌కోర్స్ బయట టిప్పులమ్మేవాళ్లూ కొంతమంది ఇంతే, పదిమందికి పది గుర్రాలు చెప్తారు, ఒకడికి ఎలాగూ తగుల్తుంది.

ఓడితే డబుల్ చేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం అనే ఫార్ములా గురించి కూడా అడుగుతుంటారు. 100తో మొదలుపెట్టి వరసగా ఎనిమిదిసార్లు ఓడితే పోయింది 25,500, తొమ్మిదోసారి 25,600 పెట్టాలి, అది గెలిచినా మిగిలేది వంద రూపాయలు. నిమిషానికి మూడు రౌండ్లు ఆడేచోట వరసగా ఎనిమిది ఓటములు అరుదేం కాదు.

ఇక అప్పు. పాత బుకీ అయితే మనిషిని చూసి ఉద్దెర ఇచ్చేవాడు, ఇప్పుడు అదే ఫోన్‌లో బెట్టింగ్ యాప్ పక్కనే లోన్ యాప్ ఉంటుంది, ఆధార్, పాన్ కొడితే పది నిమిషాల్లో డబ్బు. పదో రోజు నుంచి కాంటాక్ట్‌లో ఉన్న అందరికీ ఫోన్లు, మార్ఫింగ్ ఫొటోలు. మన ఊళ్లలో ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తల్లో ఈ రెండు యాప్‌లూ కలిసే కనిపిస్తాయి, వాటిని చదివిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ అప్పు మొత్తం చూస్తే చాలా ఇళ్లలో రెండేళ్లు ఓపిగ్గా కడితే తీరిపోయేదే.

క్యాసినో, లాటరీ, బరులు

గోవాలో క్యాసినోకి చట్టం ఉంది, టేబుల్ ఆటలు పణజిలో మాండవి నది మీద ఓడల్లో, ఒడ్డున హోటళ్లలో అయితే మెషీన్ ఆటలు. ట్రిప్‌లో ఒక్క రాత్రి సరదాకి అయితే పెద్ద నష్టం లేదు, కానీ చిప్స్ కొనేటప్పుడే 40 శాతం జీఎస్టీ, 5,000 తీసి టాక్స్‌తో కలిపి కొంటే 3,571 రూపాయల చిప్సే వస్తాయి. తిండీ మందూ ప్యాకేజీలో ఉంటాయి, మందు ఎందుకు అంత ధారాళంగా పోస్తారో ఆలోచించండి. తాగేట్టయితే చిప్స్ అన్నీ మార్చేసుకున్నాకే తాగండి.

కేరళ లాటరీ స్పీడు విషయంలో అన్నిటికంటే నెమ్మది, టికెట్ కొని డ్రా దాకా ఆగాలి, అప్పు ఇచ్చేవాడూ లేడు. గెలిచే ఛాన్స్ మాత్రం దాదాపు లేనట్టే. మొదటి బహుమతి తగిలితే పది శాతం ఏజెంట్ కమీషన్, ఆ మిగిలినదాని మీద 30 శాతం టాక్స్. కేరళలో దుకాణంలో కాగితం టికెట్ కొంటేనే అసలైనది, వాళ్లు ఆన్‌లైన్‌లో అమ్మరు. హైదరాబాద్‌లో కూర్చుని వాట్సాప్‌లో కేరళ లాటరీ కొన్నానంటే అది మోసమే, మన రెండు రాష్ట్రాల్లో లాటరీ అమ్మకమే లేదు. శబరిమల దారిలో ఒక టికెట్ కొని మాలలాగే దాచుకుంటే తప్పు లేదు, ఏజెంట్ ఇచ్చిన పది టికెట్ల కట్ట మాత్రం వద్దు.

సంక్రాంతి బరుల దగ్గర కోడిపందేలు, గుండాట, లోనా-బయటా అనే పేకాట, ఇవన్నీ ఎంత పండగలా ఉన్నా చట్టం దృష్టిలో నేరమే, కత్తులు కట్టడం జంతు హింస కింద కూడా వస్తుంది. నగదు మీదే నడుస్తుంది, పక్కనే వడ్డీకిచ్చేవాళ్లుంటారు, బండి తాళాలు, మెడలో గొలుసు కూడా తాకట్టు పెట్టుకుంటారు. చూడ్డానికి వెళ్తే వెళ్లండి, జేబులో భోజనం డబ్బులకి మించి పెట్టుకోవద్దు. ఫామ్‌హౌస్ పేకాట గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, పోలీసులు వస్తే పేపర్లో పేరు.

బెట్టింగ్ మానేసి స్టాక్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్‌లోకి వెళ్లి "నేను ఇన్వెస్ట్ చేస్తున్నా" అనేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. అది చట్టబద్ధమే, కాకపోతే 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్క తీసి స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ చెప్పింది ఏంటంటే ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైనే. ఎక్స్‌పైరీ రోజు, అంటే కాంట్రాక్టు గడువు ముగిసే రోజు, నిమిషాల్లో కొనడం అమ్మడం చేస్తున్నారంటే స్పీడు కొలతలో అది యాప్ పక్కనే కూర్చుంటుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి

యూకేలో, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, ఆస్ట్రేలియాలో బెట్టింగ్ లీగల్, అందుకే అక్కడికి చదువుకోడానికి వెళ్లిన పిల్లలు ఇక్కడికంటే సులువుగా ఇరుక్కుంటున్నారు. కానీ లీగల్ అయినచోట కళ్లెం కూడా ఉంటుంది, అది వాడుకోండి. యూకేలో గ్యామ్‌స్టాప్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉన్న సైట్లన్నీ ఆర్నెల్లు, ఏడాది, ఐదేళ్లు మిమ్మల్ని రానివ్వవు. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ క్రెడిట్ కార్డుతో బెట్టింగ్ కుదరదు, 2025 నుంచి ఆన్‌లైన్ స్లాట్స్‌లో ఒక్కో స్పిన్‌కి 5 పౌండ్లు, 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకి 2 పౌండ్లు మించి పెట్టనివ్వరు. స్లాట్ ఒక్కో స్పిన్ కనీసం రెండున్నర సెకన్లు ఉండాలని కూడా రూల్ పెట్టారు, స్పీడే విషం అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆస్ట్రేలియాలో 2023 నుంచి గ్యామ్‌స్టాప్ లాంటిదే బెట్‌స్టాప్ ఉంది. ఫీజు డబ్బులున్న అకౌంట్‌లో బ్యాంక్ యాప్‌లోనే గ్యాంబ్లింగ్ బ్లాక్ బటన్ చాలా యూకే బ్యాంకులు ఇస్తున్నాయి, యూకేలో దిగిన వారంలోనే అది ఆన్ చేసేయమని పిల్లలకి చెప్పండి.

ఐతే ఏది ఎంచుకోవాలి

ఆట మీద ఇష్టం ఉండి డబ్బు గెలవాలన్న దురద లేకపోతే డబ్బు లేని రమ్మీ, ఫ్రీ ఫ్యాంటసీ టీమ్, ఇంట్లో పేకముక్కలు, ఇవి చాలు. డబ్బు పెట్టిన థ్రిల్ కావాల్సిందే అంటే సీజన్‌లో నెలకి ఒక మధ్యాహ్నం మలక్‌పేట, టోట్ కౌంటర్, చిన్న టికెట్లు. పర్సెంటేజీ లెక్కలో రేసులే అందరికంటే ఖరీదని పైన నేనే చూపించా, అయినా అదే చెప్తున్నా, ఎందుకంటే అక్కడికి వెళ్లాలంటే బట్టలు వేసుకుని బయల్దేరాలి, అరగంట ఆగాలి, సాయంత్రానికి గేటు మూసేస్తారు. గోవా క్యాసినో ట్రిప్‌కి ఒకసారి. లాటరీ టికెట్ ఒకటి. మిగతావి వద్దు.

వెళ్లే రోజు ఎలా వెళ్లాలంటే, పోయినా ఆ నెల అద్దెకీ పాలకీ స్కూలు ఫీజుకీ ఇబ్బంది లేని డబ్బు నోట్ల రూపంలో తీసుకెళ్లండి, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టండి, ఫోన్‌లో యూపీఐకి రోజు లిమిట్ ఐదు వందలకి తగ్గించండి. ఆటకి తెచ్చింది చొక్కా జేబులో, గెలిచింది ప్యాంటు వెనక జేబులో, వెనక జేబులోంచి మళ్లీ ముందు జేబులోకి రాకూడదు. ఎంత తీసుకెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి, చెప్పడానికి సిగ్గుగా అనిపించేంత మొత్తం అయితే అది తీసుకెళ్లాల్సిన మొత్తం కాదు. 18 ఏళ్లు నిండని పిల్లల్ని సరదాకైనా పందెం దాకా రానివ్వొద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ల ఇంట్లోవాళ్లకి రెండు మాటలు. ఎంత పోయిందో దాచడం, ఫోన్ బోర్లా పెట్టుకోవడం, జీతం పడ్డ రోజే ఖాళీ అవ్వడం, పోయింది రాగానే మానేస్తా అనడం కనిపిస్తే తిట్టి ఉపయోగం లేదు, తిడితే ఇంకో అప్పు చేసి ఆ గొడవ ఆపాలని చూస్తాడు. మొత్తం అప్పులు ఒక కాగితం మీద రాయించండి, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత. కట్టగలిగితే అప్పిచ్చినవాళ్లకి మీరే నేరుగా కట్టండి, "నాకివ్వండి నేను కట్టేస్తా" అంటే ఇవ్వొద్దు, అందులో సగం మళ్లీ ఆటలోకే పోతుంది. జీతం అకౌంట్ కొన్నాళ్లు భార్యో అన్నో చూసుకునేలా ఒప్పించండి, పాత సిమ్ మార్చండి, టెలిగ్రామ్ తీసేయించండి. యాప్‌లో మోసపోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఉంటుంది. నిద్ర పట్టట్లేదు, బతకాలని లేదు అనే మాట నోట్లోంచి వస్తే ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ కలిపి చేతికివ్వండి, ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు.